పదో తరగతి సర్టిఫికెట్‌లో లేని మచ్చ

పదో తరగతి సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీయండి. గుర్తింపు చిహ్నాలని అందులో రెండు వరసలుంటాయి. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, కుడి మోచేతి మీద పుట్టుమచ్చ. నామినల్ రోల్స్ పంపే రోజుల్లో క్లాసు టీచరు పిల్లల్ని వరసగా నిలబెట్టి, చొక్కా చేతులు పైకి మడతపెట్టించి, కళ్ళబడ్డ మొదటి రెండు మచ్చలు రాసేసుకుంటారు. ఏమీ దొరక్కపోతే మోకాలి మీది పాత గాయపు మచ్చతో సరిపెడతారు. ప్రభుత్వానికి మన పుట్టుమచ్చలతో ఉన్న పని అంతే. మిగతాది పంచాంగాల వెనక పేజీల్లోని మచ్చల శాస్త్రం చూసుకుంటుంది. అరికాల్లో మచ్చ ఉన్నవాళ్ళు దేశాలు తిరుగుతారని అంటారు. చర్మవైద్యులు మాత్రం ఆ అరికాలి మచ్చనే ఒకటికి రెండుసార్లు చూస్తారు. ఎందుకో తెలియాలంటే కోల్‌కతా దాకా వెళ్ళాలి.

కోల్‌కతా తూర్పు అంచున, రాజార్‌హాట్ పొలాల మీద లేచిన న్యూ టౌన్‌లో ఇప్పుడు తెలుగు మాట వినిపిస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఒకప్పుడు బెంగాల్లో తెలుగువాళ్ళంటే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలే గుర్తొచ్చేవి. ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని ఆ జాబితాలో ఈ ఊరూ చేరింది. ఇక్కడే 2011లో టాటా మెడికల్ సెంటర్ మొదలైంది. తూర్పు, ఈశాన్య రాష్ట్రాల నుంచే కాదు, సరిహద్దు దాటి బంగ్లాదేశ్ నుంచి కూడా క్యాన్సర్ రోగులు వచ్చే ఆసుపత్రి అది. చర్మ క్యాన్సర్ వరకు చూస్తే న్యూ టౌన్‌లో రెండు వేరువేరు సంగతులు కలుస్తాయి. ఒకటి మనలాంటి చామనఛాయ ఒళ్ళున్న వాళ్ళందరిదీ. రెండోది గంగా డెల్టాలో బోరునీళ్ళు తాగినవాళ్ళది. రెండిటి ఆనవాళ్ళూ అరికాళ్ళలో కనిపించొచ్చు.

ముందు మచ్చ సంగతి. చర్మం పైపొర అడుగు వరసలో మెలనోసైట్లనే కణాలుంటాయి. పిండంలో వెన్ను వెంబడి, నాడులకు మూలమైన కణజాలంలోనే పుట్టి, అక్కడి నుంచి బయల్దేరి చర్మమంతా సర్దుకుంటాయి. మెలనిన్ అనే రంగు తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచడం వాటి ఉద్యోగం. నల్లటివాళ్ళకి ఈ కణాలు ఎక్కువనీ తెల్లటివాళ్ళకి తక్కువనీ అనుకుంటాం గానీ, లెక్కకి అందరికీ ఇంచుమించు సమానమే. ఆ రంగు రేణువులు ఎంత పెద్దవి, ఎలా పరుచుకుంటాయి అన్నదాంట్లోనే తేడా. మెలనోసైట్లు ఒకచోట గుంపుగా చేరితే మచ్చ. మన ఒంటి మీద మచ్చల్లో ఎక్కువభాగం చిన్నప్పటి నుంచి నలభై ఏళ్ళ లోపు వచ్చినవే.

2002లో బ్రిటన్‌లోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. మెలనోసైట్లకు వచ్చే క్యాన్సర్ మెలనోమా. పాశ్చాత్య దేశాల మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది. ఆ తర్వాత తీరా చూస్తే ఏ అపకారమూ చేయని మామూలు పుట్టుమచ్చల్లో కూడా చాలావాటిలో అదే జన్యువు, అదే చోట చెడి ఉంది. అంటే చెంప మీది ఆ ముచ్చటైన మచ్చ కూడా ఒకప్పుడు అదుపు తప్పబోయిన కణాల గుంపే. కొంతదూరం పెరిగాక కణంలోని కాపలా వ్యవస్థ దాన్ని ఆపేసింది. ఆగిన మచ్చ సాధారణంగా జీవితాంతం ఆగే ఉంటుంది. అందుకే ఉన్నచోట ఉన్నట్టున్న మచ్చతో పేచీ లేదు. కదలిక మొదలైనదాన్నే అనుమానించాలి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మెలనోమాల్లో పాత మచ్చలోంచి పుట్టేవి 30 శాతం దగ్గరే. తక్కినవన్నీ ఏ మచ్చా లేని చర్మం మీద కొత్తగా మొలుస్తాయి. సర్టిఫికెట్‌లో రాసుకున్న ఆ రెండు మచ్చల్నే రోజూ అద్దంలో చూసుకుని భయపడేవాళ్ళు వెతకాల్సిన చోటు వదిలేసి వెతుకుతున్నట్టే. నలభై దాటాక కొత్తగా వచ్చిన మచ్చకి ఎక్కువ మర్యాద ఇవ్వాలి.

మచ్చని ఎలా చూడాలో చెప్పే సూత్రం 1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వైద్యులు తయారుచేశారు. ఇంగ్లిష్ అక్షరాల వరసలో ఎ, బి, సి, డి. మచ్చకి మధ్యలో గీత గీసినట్టు ఊహించుకుంటే రెండు సగాలూ ఒకలా ఉన్నాయా, అంచు నున్నగా ఉందా లేక చిరిగినట్టు ఉందా, రంగు ఒకటేనా లేక గోధుమ, నలుపు, ఎరుపు, బూడిద కలగలిసి ఉన్నాయా, అడ్డం కొలత 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ వెనక రబ్బరు వెడల్పు, దాటిందా అన్నవి ఆ నాలుగు. 2004లో ఐదోది, ఇ, చేరింది. మచ్చ మారుతోందా అన్న ప్రశ్న అది. నన్నడిగితే ఐదింటిలోనూ బరువైనది ఈ ఆఖరిదే. పెరగడం, రంగు మారడం, ఉబకడం, ఊరికే దురద పెట్టడం, తగలకుండానే రక్తం చెమ్మగిల్లడం అన్నీ దీని కిందికే వస్తాయి. దీనికి తోడు ఫ్రెంచి వైద్యులు చెప్పిన మరో చిట్కా ఉంది. ఒక మనిషి ఒంటి మీది మచ్చలన్నీ సాధారణంగా ఒకే పోలికలో ఉంటాయి. గుంపులో గోవిందా అన్నట్టు కలిసిపోయేవాటిని వదిలేసి, ఆ పోలిక లేని ఒక్కదాన్ని పట్టుకోవాలి.

ఇదంతా బాగానే ఉంది. కానీ ఈ సూత్రం తెల్లటి చర్మాల మీద, వీపు, పిక్కలు, ముఖం లాంటి ఎండ తగిలే చోట్ల పుట్టే మెలనోమాని చూసి రాసింది. ఆస్ట్రేలియాలో ఏటా లక్షమందిలో 30 మందికి పైగా ఈ జబ్బు కనిపిస్తుంది. మన దేశంలో లక్షకి ఒక్కరు కూడా ఉండరు. ముదురు చర్మంలోని మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందువల్ల మనకి వచ్చే మెలనోమాల్లో ఎండతో సంబంధం లేనివి ప్రధానమవుతాయి. అవి అరికాలు, అరచేయి, గోరు కింద వచ్చేవి. వైద్యులు వీటిని ఏక్రల్ మెలనోమా అంటారు. అమెరికాలో నల్లజాతివారికి వచ్చే మెలనోమాల్లో మూడో వంతుకు పైగా ఈ రకానివే. తెల్లవారిలో ఇవి ఒక శాతం దగ్గర. అలాగని నల్లటివాళ్ళకి అరికాలి మెలనోమా ఎక్కువగా వస్తుందని కాదు. అది జాతులన్నిటికీ ఇంచుమించు ఒకే అరుదైన మోతాదులో వస్తుంది, ఎండ వల్ల వచ్చేది మాత్రం మనకి బాగా తక్కువ.

2017లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మెలనోమాల జన్యుపటాలు పూర్తిగా చదివి దీన్నే మరో వైపు నుంచి నిర్ధారించారు. వీపు మీది గడ్డల డీఎన్ఏ నిండా ఎండ ముద్రలున్నాయి. అరికాలి గడ్డల్లో అవి అంతంత మాత్రమే, క్రోమోజోములు తెగి తప్పుగా అతుక్కున్న గుర్తులు మాత్రం బోలెడు. జపాన్ వైద్యులు అరికాళ్ళను పటం గీసి చూస్తే, మడమ మీద, వేళ్ళ వెనక భాగం మీద, అంటే ఒంటి బరువు పడేచోట్ల ఇవి గుమికూడి కనిపించాయి. కాలి వంపులో తక్కువ. సన్‌స్క్రీన్ ప్రకటనలు ఎన్ని చూసినా మన చెప్పుల కింద జరిగేదాన్ని ఆ ట్యూబు ఆపదు.

ఇక అరికాలి దగ్గర కాసేపు ఆగుదాం. వేలిముద్రల్లాగే అరికాలి చర్మానికీ గట్లు, గాళ్ళు ఉంటాయి. చెమట రంధ్రాలు గట్ల మీద తెరుచుకుంటాయి. డెర్మటోస్కోప్ అని చర్మవైద్యుల దగ్గర ఒక చిన్న పరికరం ఉంటుంది. పదింతలు పెంచి చూపే భూతద్దం, దానికో లైటు. దాన్ని మచ్చ మీద ఆనించి చూసినప్పుడు రంగు గాళ్ళలో సన్నటి గీతల్లా నిలిస్తే అది మామూలు మచ్చ. రంగు గట్ల మీదికెక్కి, వెడల్పాటి పట్టీలుగా కనిపిస్తే మెలనోమా అనుమానం. జపాన్‌లో తోషియాకీ సైదా బృందం కనిపెట్టిన తేడా ఇది. మామూలు కంటికి ఒకేలా కనిపించే రెండు నల్ల మచ్చలు ఈ అద్దం కింద చెరో దారి పడతాయి. కోతా లేదు, నొప్పీ లేదు, రెండు నిమిషాల పని.

అద్దం దాకా వెళ్ళేవాళ్ళేరీ అన్నదే చిక్కు. కాలు కనిపించనంత దూరంలో ఉన్నట్టు బతుకుతాం.

"అత్తయ్యా, మడమ మీద ఈ నల్లది ఎన్నాళ్ళ నుంచి?"

"చెప్పు కరిచిందే. అదే పోతుందిలే."

చెప్పు కరిస్తే రెండు మూడు వారాల్లో మానుతుంది. నెలలు గడిచినా పోనిది చెప్పుది కాదు. ఆనెకాయ అనుకుని కార్న్ ప్లాస్టరు అంటించి, పులిపిరి అనుకుని మందుతో కాల్చి, షుగర్ ఉన్నవాళ్ళయితే షుగర్ పుండు అనుకుని కట్టు మీద కట్టు మార్చి, ఇలా ఏడాది పోగొట్టుకున్నాక అసలు జబ్బు తేలిన కేసులు వైద్య పత్రికల నిండా ఉన్నాయి. ఈ మెలనోమాల్లో కొన్నింటికి నలుపు రంగే ఉండదు. ఎర్రగా, కండ పెరిగినట్టు, ముట్టుకుంటే రక్తం కారేలా ఉంటాయి. రెండు నెలలైనా మానని పాదపు పుండులోంచి, అది దేనివల్ల వచ్చిందని నమ్ముతున్నా సరే, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించమని అడగొచ్చు.

గోరు సంగతి ఇంకాస్త మెలికది. మనలాంటి ఒళ్ళవాళ్ళకి గోళ్ళ మీద నిలువుగా సన్నటి గోధుమ చారలు రావడం మామూలే. పది వేళ్ళలో నాలుగైదింటికి ఉంటే కంగారు అక్కర్లేదు. ఒకే గోటికి, అందునా బొటనవేలికి, మధ్యవయసు దాటాక కొత్తగా చార వచ్చిందా? కొలవండి. 3 మిల్లీమీటర్లు దాటినా, నెలనెలా వెడల్పవుతున్నా, ఒకే చారలో రంగులు రెండు మూడైనా చూపించుకోవాలి. గోరు మొదట్లోంచి పెరుగుతుంది కాబట్టి, చార మొదట్లో వెడల్పుగా, కొసన సన్నగా త్రికోణంలా ఉంటే, రంగు చేసే కణాల గుంపు పెరుగుతోందని అర్థం. కొసన ఉన్నది పాత రంగు, మొదట్లో ఉన్నది ఈ నెలది. ఆ నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి చిందితే ఇక ఆలోచించేది లేదు. తలుపు సందులో వేలు నలిగి గడ్డకట్టిన రక్తం కూడా నల్లగానే ఉంటుంది, నిజమే. కానీ అది గోరుతో పాటు ముందుకు జరుగుతూ పోతుంది, వెనక తెల్లటి గోరు వస్తుంది. కాలి బొటనవేలి గోరు మొత్తం మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది గనక, అది కదులుతోందో లేదో నెలకో ఫోటో తీసుకుంటే తెలిసిపోతుంది. తీసేటప్పుడు గోళ్ళరంగు తుడిచేయాలని చెప్పనక్కర్లేదు.

దెబ్బ అనుకుని మోసపోయినవాళ్ళలో లోకమంతా ఎరిగినవాడు బాబ్ మార్లీ. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బే అనుకున్నారు. 1977లో కుడికాలి బొటనవేలి గోరు కింద మెలనోమా అని తేలింది. వేలు తీసేయమని వైద్యులు చెప్పినా ఒప్పుకోలేదు. గోరు, దాని కింది కణజాలం మాత్రం తీయించుకుని పాటలు, పర్యటనలు సాగించాడు. 1981 మే 11న మయామీలో చనిపోయేనాటికి ఆయన వయసు 36.

గోరు పక్కకి చిందే ఆ నలుపుని హచిన్‌సన్ గుర్తు అంటారు. జొనాథన్ హచిన్‌సన్ లండన్ సర్జను. 1886లో ఆయన ఈ జబ్బుని నల్ల గోరుచుట్టు అని వర్ణించాడు, ఇది ప్రతిసారీ నల్లగానే ఉండదని హెచ్చరించాడు కూడా. ఆ మరుసటి ఏడాదే ఇంకో సంగతి రాశాడు. సోరియాసిస్ మందుగా ఏళ్ళ తరబడి ఆర్సెనిక్ తాగిన రోగులకి ముందు అరచేతుల్లో, అరికాళ్ళలో ఆనెకాయల్లాంటి గరుకు గడ్డలు, తర్వాత అక్కడే క్యాన్సర్ పుట్టడం చూశాడు. శంఖపాషాణం లాంటి విషాన్ని మందుగా చుక్కలలెక్కన పోసిన రోజులవి. నూరేళ్ళ తర్వాత అదే లక్షణం బెంగాల్ పల్లెల్లో, మందు తాగినవాళ్ళలో కాదు, మంచినీళ్ళు తాగినవాళ్ళలో బయటపడింది.

1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు క్షితీశ్ చంద్ర సాహా దగ్గరికి ఊళ్ళ నుంచి వచ్చిన రోగుల ఒంటి మీద వాన చినుకులు పడ్డట్టు నల్లటి, తెల్లటి చుక్కలు, అరచేతుల్లో గరుకు గింజలు కనిపించాయి. కుష్ఠు అని వెలివేయబడ్డవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆరా తీస్తే సంగతి గొట్టపు బావుల నీళ్ళ దగ్గరికి చేరింది. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఏళ్ళ తరబడి ఊరూరా నీళ్ళు పట్టి పరీక్షించింది. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఆర్సెనిక్ సహజంగానే ఇనుప రేణువులకి అంటుకుని ఉంటుంది. భూమి లోపల గాలి ఆడని పొరల్లో అది నీళ్ళలోకి విడుదలవుతుంది. చెరువు నీళ్ళు తాగి కలరాతో చస్తున్నారని, మంచి చేద్దామనే, తక్కువ లోతున వేసిన పంపులు సరిగ్గా ఆ పొరల్లోకే దిగాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. ఆ గీతకి ఎన్నో రెట్లు దాటిన బావులు ఉత్తర 24 పరగణాల్లో దేగంగా, హాబ్రా, గైఘాటా, బారాసాత్ ప్రాంతాల్లో దొరికాయి. న్యూ టౌన్ ఉన్నదీ ఆ జిల్లా అంచునే. ఆర్సెనిక్ వల్ల పుట్టేది మెలనోమా కాదు. బోవెన్స్ వ్యాధి అనే ఎర్రటి పొలుసుల పట్టీ, స్క్వామస్, బేసల్ రకాల క్యాన్సర్లు. తామర అనుకునేలా ఉండి, ఏ తామర మందుకీ లొంగకుండా, బట్టల కింద ఎండ తగలని చోట్ల కూడా ఒకటికి నాలుగు మొలిస్తే ఆర్సెనిక్‌ని అనుమానించాల్సిందే. చుక్కలు కనిపించడానికి ఐదారేళ్ళు, క్యాన్సర్ రావడానికి ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. అప్పటికి ఆ మనిషి ఊరు మారి, బిస్లరీ డబ్బాల నీళ్ళకి అలవాటుపడి ఉంటాడు. అందుకే ఇక్కడి చర్మవైద్యుడు ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగి ఊరుకోడు, చిన్నప్పుడు ఏ ఊళ్ళో, ఏ బావి నీళ్ళు తాగారని కూడా అడుగుతాడు.

మన ఇళ్ళలో జరిగే అసలు నష్టం ఇంకో రకం. మచ్చ ఉబ్బితే సున్నం, బట్టల సోడా నూరి పెడతారు. గుర్రపు వెంట్రుకతో బిగించి కడతారు. కాస్త ఆధునికులైతే పార్లరుకెళ్ళి లేజరుతో కాల్పించుకుంటారు. నిజంగా పులిపిరే అయితే పోతుంది, చిక్కు లేదు. మెలనోమా అయితే పైది మాత్రమే మాడిపోయి, పరీక్షకి పంపడానికి కణజాలం మిగలదు, లోపలిది లోపలే దిగుతూ ఉంటుంది. ఇటు ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళని కత్తి తగిలితే పాకుతుందన్న భయం ఆపేస్తుంది. ముక్క తీసి పరీక్ష చేయడం వల్ల మెలనోమా పాకదని ఎన్నో ఏళ్ళ అనుభవం తేల్చింది. పాకేది ఆలస్యం వల్ల. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పాథాలజిస్టు చూపింది ఇదే. గడ్డ ఎంత వెడల్పు ఉందన్నది కాదు, చర్మం లోపలికి ఎంత లోతు దిగిందన్నదే రోగి భవిష్యత్తు చెబుతుంది. 1 మిల్లీమీటరు లోపు దొరికితే, చుట్టూ ఒక సెంటీమీటరు మంచి చర్మంతో కలిపి కోసి తీసేస్తే చాలామందికి అంతటితో సరి. లోతు పెరిగేకొద్దీ లింఫ్ గ్రంథుల పరీక్షలు, స్కాన్లు, పెద్ద మందులు. 2018 నోబెల్ తెచ్చిన ఆలిసన్, హోంజోల పరిశోధనలోంచి పుట్టిన ఇమ్యునోథెరపీ మెలనోమా చికిత్సని మార్చేసిన మాట నిజం. కానీ అరికాలి రకం మీద అది వీపు మీది రకమంత బాగా పనిచేయదు. ఖరీదు సంగతి సరేసరి. లోతు తక్కువుండగా పట్టుకోవడాన్ని మించిన మందు మన రకానికి ఇంకా రాలేదు.

చూసుకునే వేళ వెతుక్కోనక్కర్లేదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టేముందు, పెళ్ళిలో పారాణి దిద్దేముందు, పూజా రోజుల్లో బెంగాలీ స్నేహితురాలు ఆల్తా పూసేముందు పాదం ఎలాగూ ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. మడమ, వేళ్ళ సందులు, మెట్టెల కింది చర్మం, గోళ్ళ మొదళ్ళు ఒకసారి వెలుతురులో చూసి ఆ తర్వాతే రంగు పెట్టొచ్చు. ఒంటరిగా ఉండేవాళ్ళకి సెల్‌ఫోన్ కెమెరా ఉంది. పక్కన స్కేలు పెట్టి తీస్తే మూణ్ణెల్ల తర్వాత పోల్చుకోవచ్చు.

బయాప్సీ దాకా వస్తే, వీలైనంతవరకు మచ్చ మొత్తాన్ని తీసి పంపమనాలి. రిపోర్టులో బ్రెస్లో లోతు మిల్లీమీటర్లలో ఉందో లేదో, పైన పుండు పడిందో లేదో, అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ మూడూ లేకపోతే అడగాలి. ఇంకో ఆసుపత్రికి మారాల్సి వస్తే కాగితం ఒక్కటే చాలదు. న్యూ టౌన్ టాటా అయినా, హైదరాబాద్ ఎంఎన్‌జే అయినా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి అయినా, అక్కడి పాథాలజిస్టు స్లైడ్లు మళ్ళీ తన మైక్రోస్కోపు కింద చూడాలంటాడు. ఆ గాజు స్లైడ్లు, మైనపు దిమ్మలో భద్రపరిచిన ముక్క మొదట పరీక్ష చేసిన ల్యాబ్‌లోనే ఉంటాయి. రిపోర్టు తీసుకునే రోజే కౌంటర్లో అడిగితే, ఒక రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని ఇస్తారు.